బ్యాటరీ ఇంట్ల పండుకుంటది

మహబూబాబాద్,
డిసెంబర్ 5

రఫీ భాయ్‌కి,

సలాం. అమ్మీ మంచిగున్నది. నేను కోపంగున్న.

ఫోన్ల చెప్పొచ్చు గద అంటవేమో. చెప్పనిచ్చినవా? "భాయ్, జర విను" అనేలోపల్నే నువ్వు ఒర్రుడు ఒర్రి కట్ చేసినవ్. నేను మల్ల చేస్తె మల్ల గదే. అందుకే నీ నంబర్ బ్లాక్ చేసిన. ఇగ నువ్వేమన్న అనాల్నంటె రాయి. కాయితం మీద నా మాటను నడిమిట్ల కట్ చేసే బటన్ నీకు లేదు. ఇంట్ల ఉర్దూ మాట్లాడుకున్నా మనకు బడిల వచ్చింది తెలుగే కాబట్టి, తెలుగుల్నే తిట్టుకుందాం.

జరిగింది నా నోటితోని విను. దంతాలపల్లి దాటినంక రోడ్డు మీద సగం దాక వడ్లు ఆరబోసిండ్రు. కోతలైతె ఏటా పోస్తరు. జాగ లేనోళ్లు యాడ పోస్తరు మరి? తెల్లారుతున్నది, మంచు కమ్మింది. నాది కరెంటు బండి, సప్పుడు రాదు. వడ్లకు కావలి పండుకున్న లచ్చయ్య తాత గప్పుడే లేసి నల్ల గొంగడి కప్పుకొని రోడ్డు మీదికి వచ్చిండు. పెట్రోలు బండైతె ఆయనకు వినపడేది. నేను ఆయన్ను తప్పియ్యబోయి వడ్ల మీదికి ఎక్కిన. వడ్ల మీద టైరు నిలుస్తదా? పడ్డ. మోచేయి గీక్కపోయింది. రక్తం గొట్టాల డబ్బను పొట్టకు కరుచుకొని పడ్డ. ఒక్క గొట్టం పగల్లే. గది మాత్రం ఎవ్వలడగలే.

జమైనోళ్లందరిది ఒక్కటే పాట. "ఆడిపిల్లవు, గీ మంచుల నీకు బండెందుకు బిడ్డా?" లచ్చయ్య తాతయితె "దయ్యం లెక్క సప్పుడు లేకుంట వస్తివి" అన్నడు. "వడ్లు రోడ్డు మీద పోసింది నువ్వు, దయ్యం నేనా తాతా?" అన్న. ముసలోడు నవ్విండు. నువ్వు నవ్వలే. ఎవడో ఫోన్ చేసి చెప్తె, నాకు దెబ్బ తాకిందా లేదా అని సుత అడగకుంట "బండి మూలకు పెట్టు, నేను తీస్కపోత" అన్నవ్.

ఏంది తీస్కపోయేది? పొద్దుగాల ఊర్లల్ల తిరిగి, పరగడుపున ఉన్నోళ్ల రక్తం తీసి, ల్యాబ్‌కు తెచ్చుడు నా పని. గా యాళ్లకు గా ఊర్లకు బస్సు లేదు. బండి పోతె పని పోతది. కొన్నప్పుడు నా కాయితాలు సరిగ లేక బండి నీ పేరు మీద రాయించినం. కిస్తీలన్ని నేనే కట్టిన. రెండో తాళంచెవి నీ దగ్గరున్నది. గది పంపు. బండి రాదు.

కహ్కషాన్

*

భూపాలపల్లి,
డిసెంబర్ 11

చెల్లె కహ్కషాన్‌కు,

దువా. ఉత్తరం చేరింది. పెద్దోన్ని బ్లాక్ చేసుడు, ఉత్తరాలల్ల ఎదురు మాట్లాడుడు, గివన్ని యాడ నేర్చినవో నాకెర్కలేదు.

నేను చెప్పేది నీ మంచికే. చెల్పూర్ దిక్కు పొద్దుగాల మంచు, మా కరెంటు ప్లాంటు పొగ రెండు కలిసి ముందటి టైరు సుత కనపడది. మొదటి షిఫ్టుకు పోయే మగోళ్లే పానం అరచేతుల పెట్టుకొని పోతున్నరు. మరి నువ్వెంత? ఒక్కసారి పడ్డవ్, అల్లా కాపాడిండు. మల్లోసారి అంటె అమ్మీకి నేనేం చెప్పాలె?

ల్యాబ్ల కూసోని చేసే పని అడుగు. లోపల పనికి ఆడిపిల్లలను తీసుకుంటరు. బండి నా దగ్గరుంటె భద్రంగుంటది.

ఇంకోటి. దానికి కాలుతోని తొక్కే గేరు ఏం లేదు గద? బ్రేకులు రెండు చేతులకేనా? సీటు ఎత్తెంత? కూసుంటె రెండు కాళ్లు నేలకు ఆనుతయా? రాయి. ఊకెనే అడుగుతున్న.

పగటీలి కూసోని రాస్తున్న. మీ భాభీ ఆయేషా పోస్టుల ఏస్తది, నాకు తీరలేదు.

నీ భాయ్,
రఫీ

*

మహబూబాబాద్,
డిసెంబర్ 15

రఫీ భాయ్‌కి,

పగటీలి కూసోని ఉత్తరం రాసేటంత తీరిక ఉన్నది గని, పోస్టుడబ్బ దాక పోనీకి తీరలేదా? ఏం షిఫ్టు భాయ్ నీది?

సీటు ఎత్తు నీకెందుకు? అటకమీద పెట్టనీకి కొలుస్తున్నవా?

ఒక్క మాట అడుగుత, జవాబు చెప్పు. గీ చలికాలం గీ బండిని ఎట్ల నడపాల్నో, ఎట్ల సాదాల్నో నీకేం తెలుసు? నాకెవ్వలు నేర్పలే. మొదటి చలికాలం బండి బయట రేకుల కింద పెట్టిన. పొద్దుగాల లేస్తె సగం ఛార్జింగు మాయమైనట్టుండె, ఎండకాలం పోయిన దూరం పోకుంటనే నడిమిట్ల ఆగింది. నెట్టుకుంట వచ్చిన. ఏడ్సుకుంట కాదు, తిట్టుకుంట. గప్పుడు నేర్చుకున్న. చలికి బండికంటె ముందు బ్యాటరీకి వణుకు పుడ్తదని. చల్లగున్నదాన్ని వచ్చీరాంగనే ఛార్జింగుకు పెట్టొద్దని, జరసేపు ఇంట్ల ఊపిరి పీల్చుకోనియ్యాల్నని. పొయ్యి పక్కన పెట్టుడు ఇంకా తప్పని. మొత్తం ఖాళీ అయ్యేదాక తోలొద్దని. ఛార్జింగు పెట్టేకాడ మంచు నీళ్లు చేరితె పొడిబట్టతోని తుడ్వాల్నని. తడి రోడ్డు మీద బ్రేకు మెల్లగ, రెండు చేతులతోని పట్టాల్నని. ల్యాబ్ మేనేజరు వేణు సారుకు గివేం తెల్వయి. నీకు తెల్వయి. తెల్వనోళ్లందరు నాకు "వద్దు" అని మాత్రం చెప్తరు.

లచ్చయ్య తాత నీకంటె నయం. మొన్న అదే జాగల నన్ను ఆపిండు. మల్ల తిడ్తడేమో అనుకున్న. అమ్మేసిన ఎద్దు మెడగంట తెచ్చి నా హ్యాండిల్‌కు కట్టిండు. "నీ బండికి నోరు లేదు బిడ్డా, గిదుంచుకో. వింటె మేం పక్కకు జరుగుతం" అన్నడు. వడ్లను సుత ఇంకింత ఓరకు జరిపిండు. చూసినవా? పడ్డదాన్ని ఇంట్ల కూసోమనకుంట, పడకుంట ఏం చెయ్యాల్నో చూసిండు. ఆయన నాకేమైతడు? ఏం కాడు. నువ్వు నా భాయ్‌వి.

తాళంచెవి ఇంకా రాలే.

కహ్కషాన్

*

మహబూబాబాద్,
డిసెంబర్ 22

రఫీ,

భాయ్ అని రాయబుద్ధి అయితలేదు.

దొంగతనం చేపిస్తివి గద. నీ బామ్మర్దిని, గా అకీల్‌గాన్ని, జనగామకెల్లి ట్రాలీ ఆటో ఇచ్చి తోలితివి. రెండో తాళంచెవి చేతికిచ్చి. నేను మేనత్త ఇంటికి పెద్దల పేరు మీద ఫాతిహాకు పోయిన పూట చూసి. అమ్మీ వానికి చాయ్ పోసిందట! బిస్కీట్లు పెట్టిందట! వాడు చాయ్ తాగి, మూతి తుడ్సుకొని, నా బండిని ట్రాలీల ఎక్కించి తాడుతోని కట్టుకొని పోయిండట.

నేను ఇంటికొచ్చేవరకు రేకుల కింద జాగ ఖాళీ. కొంచెంసేపు ఏం అర్థం కాలే. అర్థమైనంక అమ్మీ మీద ఎంత ఒర్రిన్నో పక్కింటోళ్లు సుత వచ్చిండ్రు.

తెల్లారి ఏమైందో విను. బస్సుకు పోయిన. తండాల తుల్సీబాయికి షుగరు. నేను చీకట్ల వస్తనని రాత్రి తిన్నది తినుడే, ఇగ ఏం ముట్టకుంట కూసున్నది. నేను పోయేవరకు ఎండ నెత్తిమీదికొచ్చింది. కండ్లు తిరిగి వాకిట్ల కూలబడ్డది. ఆమె కోడలు నన్ను ఎన్ని మాటలన్నదో నీకు రాయ. అన్ని నీకు తాకాల్సినవే, నేను మోసిన. వేణు సారు చెప్పిండు, పండుగ తర్వాత సుత గిట్లనే బస్సుకు వస్తనంటె నా ఊర్లు వేరే పిలగానికి ఇస్తడట. బండి ఉన్న పిలగానికి.

ఇగ అసలు సంగతి. నువ్వు తెలివిగల్లోనివే గని నా ఉత్తరం సరిగ సదువలే. రాసిన గద, చలికాలం బ్యాటరీ ఇంట్ల పండుకుంటదని? రాయలేదా? అయితె ఇప్పుడు రాస్తున్న. రోజు ఇంటికి రాంగనే సీటెత్తి, బ్యాటరీ తీసి, లోపలికి తెచ్చి, నా మంచం పక్కన గోనెసంచి మీద పెడ్త. పొద్దుగాల పోయేముందు మల్ల బండిల పెడ్త. నువ్వు దొంగిలించింది డొల్ల. పానం నా మంచం పక్కన ఉన్నది.

అమ్మీని అడిగిన, "బ్యాటరీ లోపలున్నదని వానికి చెప్పలేదా?" అని.

"వాడు అడగలే" అన్నది అమ్మీ. "నీ బండి తీస్కపోతుంటె నేను వద్దన్నా వినడు, రఫీ మాట అంటడు. అందుకే చాయ్ పోసిన. చాయ్ తాగేటోడు మంచం దిక్కు చూడడు."

నేను ఒర్రినందుకు అమ్మీకి మాఫీ చెప్పిన. నీకు చెప్ప.

కహ్కషాన్

*

జనగామ,
డిసెంబర్ 24

కహ్కషాన్ బాజీకి,

సలాం. నన్ను సుత బ్లాక్ చేసినవ్, అందుకే రాస్తున్న. నా రాత మంచిగుండది, ఏమనుకోకు.

బాజీ, నన్ను తిట్టు గని సగం తిట్టు. సగం రఫీ భాయ్‌కి. ఆయన చెప్పిండు, నేను చేసిన. బండి మెరుస్తదని ఇక్కడ సర్వీసింగు కాడ నీళ్ల పంపు పెట్టి కడిగించిన. తాళం తిప్పితె ఏం వెలుగలే. నీళ్లు పోయినయేమో అని మెకానిక్ మోతీ సేఠ్ కాడికి నెట్టుకుంట పోయిన. ఆయన సీటెత్తి చూసి నా దిక్కు చూసిండు, మల్ల లోపల చూసిండు. "బేటా, పెండ్లికొడుకును ఇడ్సిపెట్టి గుర్రాన్ని తెచ్చినవా?" అన్నడు. షాపుల అందరు నవ్విండ్రు. దారంత గంట గలగల మోగుతుంటె నాకప్పుడే అనిపించింది, గిది మంచిగ లేదని.

ఒక మాట చెప్త. రఫీ భాయ్ చెప్పొద్దన్నడు. చెప్తె అక్కను సుత నాతోని మాట్లాడనియ్యనన్నడు. గని నువ్వు ఆయన్ను దొంగ అనుకుంటున్నవ్. గది నాకు బాధైతున్నది.

ఆయనకు ఎడమకాలు ఇరిగింది బాజీ. దీపావళి అయినంక, మొదటి షిఫ్టుకు పోతుంటె మంచుల ఆగి ఉన్న లారీ కనపడలే. బ్రేకు గట్టిగ కొట్టిండు, బండి జారింది. దవాఖానల పట్టీ కట్టిండ్రు. ఇప్పుడు పట్టీ ఇప్పిండ్రు, నడుస్తున్నడు గని గేరు తొక్కితె పానం పోతున్నది. కొత్త సంవత్సరంల పనికి రాకపోతె వేరేటోన్ని పెడ్తనని కాంట్రాక్టరు అన్నడు. అందుకే నీ బండి. దానికి గేరు లేదు గద.

మీకు చెప్తె అమ్మీ పరేషాన్ అయితదని దాచిండు. నేను గింతే చెప్త. బండి నా దగ్గర భద్రంగున్నది, దుప్పటి కప్పిన.

నీ తమ్ముడు,
అకీల్

*

మహబూబాబాద్,
డిసెంబర్ 27

రఫీ భాయ్‌కి,

అకీల్‌ను ఏం అనకు. అన్నవంటె భాభీకి నేను వేరే ఉత్తరం రాస్త. గది నీకు మంచిది కాదు.

కాలెట్లున్నది? ముందు గది రాయి. పట్టీ ఎవలు ఇప్పిండ్రు, వాపున్నదా, మెట్లెక్కుతున్నవా? దాచకుంట రాయి. నా పనే రక్తాలు, దవాఖానలు. ఏడు వారాలు నీ కాలిరిగి ఉంటె నేను ఎవలెవలి నరాలల్లనో సూదులు పెట్టుకుంట తిరుగుతున్న. నాకు గీ సంగతి అకీల్‌గాడు చెప్పాల్నా?

అడిగిన. ఇగ ఇప్పుడు విను.

నువ్వు నాకంటె ముందు పడ్డవ్. నా లెక్కనే పొద్దుగాల పనికి పోయేటప్పుడు పడ్డవ్, గదే మంచుల పడ్డవ్. కాలు ఇరగ్గొట్టుకొని మంచం మీద పండుకొనే నాకు ఫోన్ చేసినవ్, "ఆడిపిల్లకు బండేంది" అని ఒర్రినవ్. నువ్వు పడితె మంచు తప్పు. నేను పడితె నేను ఆడిదాన్నయిన తప్పు. గీ లెక్క ఎవలు నేర్పిండ్రు నీకు? పడ్డోనికి పడ్డదాని నొప్పి తెల్వాలె గద. నీకు తెలిసి సుత ఒర్రినవ్. గదే నాకు మండుతున్నది.

"చెల్లే, కాలు ఇరిగింది, పని పోయేటట్టున్నది, ఏం చేద్దాం" అని ఒక్క మాట రాసుంటె నేను ఏమన్న చెయ్యకపోదునా? నీకు అడిగితె చిన్నతనం. కాబట్టి "నీ మంచికే" అన్నవ్. నా బండిని నా మంచి కోసం నా దగ్గరకెల్లి దొంగిలిస్తివి. 

నీకు పని పోవద్దు. నాకు సుత పోవద్దు. ఒక్క బండి రెండు ఊర్లల్ల నడ్వది. కాబట్టి నేను చెప్పింది చేస్తవ్.

అకీల్ తిప్పుతున్న ఎర్ర స్కూటీ ఎవలది భాయ్? యాదికున్నదా? భాభీది. పెండ్లికి ముందు గా స్కూటీ మీదనే జనగామల కాలేజీకి పోయేది. దానికి సుత గేరు లేదు. నువ్వే కదా, "మా ఇండ్లల్ల నడ్వది" అని దాన్ని పుట్టింట్లనే ఇడ్సిపెట్టించినవ్? ఇప్పుడు గా స్కూటీ భూపాలపల్లికి రావాలె. నీ మోటర్‌సైకిల్ అకీల్ తీస్కపోతడు, వానికి ఎప్పటికెల్లో దాని మీద పానం. నీ కాలు మంచిగయ్యేదాక భాభీ నడుపుతది, నువ్వు ఎనుక కూసుంటవ్. చెల్పూర్ గేటు దాక. అందరు చూస్తుంటె. కాలు మంచిగైనంక సుత స్కూటీ భాభీదే, అడిగి తీస్కో.

నా బండిని అకీల్ ఎట్ల తీస్కపోయిండో గట్లనే తేవాలె. నీళ్ల పంపుతోని కడిగిండట! చలికాలం కరెంటు బండికి నీళ్ల పంపు పెట్టినోన్ని ఏమనాలె? వైర్ల కాడ అన్ని పొడిబట్టతోని తుడ్సి, సీటు తెరిచి ఎండల పెట్టి, ఆరినంకనే తేవాలె. మోతీ సేఠ్ చూసి సరే అంటెనే. నేను పంపకుంటె దానికి సరిపోయే బ్యాటరీ మీకు యాడ దొరకది, కాబట్టి ఎక్కువ ఆలోచించకు.

రెండో తాళంచెవి కవర్ల పెట్టి పంపు. గీసారి నువ్వే పోస్టుడబ్బ దాక నడ్సిపో. కాలుకు మంచిది.

నీ చెల్లె,
కహ్కషాన్

*

భూపాలపల్లి,
జనవరి 7

కహ్కషాన్‌కు,

రాయనీకి మూడు రోజులు పట్టింది. మొదటిది చింపేసిన, అండ్ల మల్ల ఒర్రుడే ఉండె.

కాలు వాపు తగ్గింది. మెట్లు ఎక్కుతున్న, దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్న. దాచలే.

ఆయేషాకు నీ ఉత్తరం సదివి వినిపియ్యలే. గామెనే తీసి సదివింది. సదివినంక బిర్యానీ చేసింది. మామూలుగ అయితె నా మీద కోపమొస్తె పప్పుచారు చేస్తది. స్కూటీ వచ్చిన నాడు వాకిట్ల దాని సీటు తుడ్సుకుంట ఎంతసేపు కూసున్నదో.

పనికి పోతున్నం. ఎనుక కూసుంటున్న. మొదటి రోజు గేటు కాడ బొగ్గు బెల్టు మీద నాతోని పనిచేసే రోహిత్ సీటీ ఏసి, "ఏం రఫన్నా, డ్రైవరును పెట్టుకున్నవా?" అన్నడు. నేను మాట్లాడే లోపల్నే ఆయేషా, "అవును, జీతం అడుగుతున్న, ఇస్తలేడు" అన్నది. వాడు తల గోక్కుంట లోపలికి పోయిండు. నేను వాని ఎనుక కుంటుకుంట పోయిన.

ఒకటి చెప్పాలె. ఎనుక కూసుంటె ఏం కనపడది. ముందటోళ్ల వీపు తప్ప. బ్రేకు ఎప్పుడు పడ్తదో, బండి ఎటు తిరుగుతదో తెల్వది. మంచుల అయితె ఎదురు ఏమొస్తున్నదో సుత తెల్వది. "మెల్లగ, మెల్లగ" అని ఒర్రిన. ఆయేషా బండి పక్కకు ఆపి, "ఏడేండ్లు నేను ఎనుక కూసుంటె నువ్వు ఒక్కసారన్న మెల్లగ పోయినవా?" అని అడిగింది.  దిగి నడ్సి పోదామంటె కాలు రాదు, ఎనుకనే గట్టిగ పట్టుకొని కూసున్న.

నువ్వు పడ్డ నాడు దెబ్బ తాకిందా అని అడగలే. ఇప్పుడు అడుగుతున్న. మోచేయి ఎట్లున్నది?

అకీల్ తెచ్చిచ్చిన తాళంచెవి గీ కవర్ల పెడుతున్న. పోస్టుడబ్బ దాక నేనే నడ్సిన.

రఫీ

*

మహబూబాబాద్,
జనవరి 14

రఫీ భాయ్‌కి,

తాళంచెవి వచ్చింది. బండి దానికంటె ముందే వచ్చింది. అకీల్ తెచ్చి, చాయ్ తాగకుంటనే పోత అన్నడు. అమ్మీ ఇడ్సిపెట్టలే. రెండు గ్లాసులు తాగిపిచ్చింది. సీటెత్తి చూసిన, లోపల పొడిగున్నది. వాన్ని తిడ్దామని దాచుకున్న మాటలల్ల సగం మిగిలినయి.

మోచేయి మచ్చ పడ్డది. సూది పెట్టేటప్పుడు చెయ్యి ఒంగుతున్నది, గంత చాలు.

తుల్సీబాయి కాడికి పొద్దు పొడువకముందే పోయిన. "ఇయ్యాల దారి మర్వలేదా?" అన్నది ఎటకారంగ. రక్తం తీసి, నేనే పొయ్యి రాజేసి చాయ్ పెట్టిచ్చిన. తాగింది గని ఇంకా మంచిగ మాట్లాడ్తలేదు. ఆమె కోపం ఆమెది. నా కోపం సుత గంత తొందరగ పొయ్యేది కాదు, నీకు ఎర్కలేంది కాదు.

లచ్చయ్య తాత వడ్లన్ని ఎత్తుకపోయిండు, రోడ్డు ఖాళీ అయింది. అయినా తెల్లారంగ వచ్చి గదే జాగల నిలబడ్డడు. "గిన్ని రోజులు గంట వినరాలేదేంది బిడ్డా, మల్ల పడ్డవా?" అని అడిగిండు. "లేదు తాతా, మా ఇంట్ల ఒకలు పడ్డరు" అన్న.

రెండో తాళంచెవి అమ్మీ కొంగుకు కట్టుకున్నది. "ఎవలన్న వచ్చి అడిగితె ఇస్తవా?" అన్న. "సరిగ అడిగితె" అన్నది.

నీ నంబర్ ఇంకా తెరువలే. ఎప్పుడు తెరుస్తనో తెల్వది. చలి పోయేదాక గిట్లనే రాయి. బ్యాటరీ ఇంకా నా మంచం పక్కనే పండుకుంటున్నది, నువ్వు ఇంకా కాయితం మీదనే నిజం చెప్తున్నవ్.

కహ్కషాన్